ఏడో షరతు

2021 మార్చిలో ఒక సాయంత్రం నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. "అంకుల్, మన నర్సరీ వెబ్‌సైట్ పేరు ఎవరి మీద రిజిస్టర్ అయి ఉందో ఒకసారి చెప్తారా? లాగిన్ వివరాలు కూడా పంపితే దాచిపెట్టుకుంటాను." పంపింది కడియం దగ్గర నర్సరీ నడిపే పెద్దాయన కూతురు. బీటెక్ చదివి, కొన్నాళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, కరోనా రోజుల్లో ఇంటికొచ్చి నాన్న లెక్కలు చూడడం మొదలుపెట్టింది. వాళ్ల వెబ్‌సైటు చేసింది నేనే. అప్పటికి ఎనిమిదేళ్లుగా దాన్ని చూసుకుంటున్నదీ నేనే.

మెసేజ్ చదవగానే నాకు ఒళ్లు మండింది. అందులో తప్పుమాట ఏదీ లేదు, ఎంతో మర్యాదగా అడిగింది. అయినా మండింది. పండగపూట ఫోన్ చేసినా ఎత్తాను, డబ్బు ఆలస్యమైనా నోరు తెరిచి అడగలేదు, ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నన్ను లెక్క అడుగుతుందా అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో ఇదే మాట మూడుసార్లు అన్నాను. మూడోసారి ఆమె, "ఇంతకీ ఎవరి పేరు మీద ఉంది?" అంది. నేను మజ్జిగ వెయ్యమన్నాను.

నా పేరు మీద ఉంది. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఆ ఒక్క ముక్కే. చెప్పడానికి అరనిమిషం చాలు. నాకు రెండు రోజులు పట్టినా చెప్పలేకపోయాను. నిజంగా అవమానం జరిగి వచ్చిన కోపమైతే తెల్లారేసరికి కొంత చల్లారేది. ఇది చల్లారలేదు, లోపల ఎక్కడో దాక్కుని పొగరాజుకుంటూ ఉంది. మూడో రోజు పొద్దున బీరువా తీసి 2013 నాటి అగ్రిమెంటు బయటికి లాగాను. వంద రూపాయల స్టాంపు పేపరు, దానికి జతగా నాలుగు కాగితాలు, ప్రతి పేజీ కింద ఆయన సంతకం. తెలుగులో, ప్రతి అక్షరం విడివిడిగా, బళ్లో పలక మీద దిద్దినంత జాగ్రత్తగా పెట్టిన సంతకం. పైన ఉన్నదంతా ఇంగ్లీషు.

ఆ బేరం జరిగిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటికి రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరం పని చేసేవాళ్లం. కడియపులంకలో ఆయన నర్సరీకి వెళ్తే షేడ్ నెట్ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నలభై ఐదు వేలు చెప్పాను. ఆయన పాతిక నుంచి మొదలుపెట్టారు. గంటన్నర సేపు ఆ అంకె చుట్టూనే తిరిగాం. ఆఖరికి ముప్పై ఐదు దగ్గర తెగింది. సగం అడ్వాన్సు, సగం సైటు తెరిచిన రోజు. ఆ తర్వాత ఏటా డొమైనుకీ, హోస్టింగుకీ, నిర్వహణకీ కలిపి పన్నెండు వేలు.

నేను తగ్గించిన పదివేలు తన నేర్పు వల్లనే తగ్గాయని ఆయన అనుకోవాలని నాకు ఉంది. ముప్పై ఐదుకే చెయ్యాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను. బేరం గెలిచాననుకున్న మనిషి ఆ సంతోషంలో మిగతా కాగితాలు చదవడని అప్పటికే నాలుగైదు ఒప్పందాల్లో గమనించాను. ఇది ఎవరూ నేర్పలేదు, నేనే పట్టుకున్నాను. ఆ రోజుల్లో దీన్ని నా వ్యాపార దక్షత అనుకునేవాణ్ణి.

ఆ అగ్రిమెంటులో పన్నెండు షరతులున్నాయి. పదకొండు ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి. ఏదో అమెరికా కంపెనీ నమూనా సంపాదించి, రాష్ట్రం పేరూ కోర్టు పేరూ మార్చి వాడుకున్నాను. వాటిలో సగం నాకే సరిగ్గా అర్థం కావు. ఏడోది మాత్రం నేను కూర్చుని, మాటామాటా తూచి రాసుకున్నది. ఖాతాదారు సౌకర్యం కోసం డొమైన్ పేరు సేవలందించే సంస్థ ఖాతాలో నమోదై ఉంటుందని, దాని నిర్వహణ సంస్థ విచక్షణకు లోబడి ఉంటుందని దాని సారం. చదివితే ఏదో మేలు చేస్తున్నట్టే ఉంటుంది.

ఎందుకు రాశానంటే నా దగ్గర సిద్ధంగా ఒక కథ ఉంది. అంతకు ముందు ఏడాది ఒకరు నాతో సైటు చేయించుకుని, చివరి వాయిదా ఎగ్గొట్టి, ఫైళ్లన్నీ పట్టుకెళ్లి ఇంకొకరికి అప్పగించారు. ఆ ఇరవై వేలు నాకు అప్పట్లో పెద్ద మొత్తం, రెండు నెలల గది అద్దె దానిమీదే ఆధారపడి ఉంది. ఆ దెబ్బకే ఏడో షరతు పుట్టిందని ఎవరడిగినా చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. కానీ ఆ భయమే అసలు కారణమైతే, "బాకీ మొత్తం తీరేవరకు" అని మూడు మాటలు చేర్చితే సరిపోయేది. బాకీ తీరాక పేరు ఆయనకి మార్చేయాలి. నర్సరీ ఆయన 2013 లోనే పైసా బాకీ లేకుండా ఇచ్చేశారు. తర్వాత ఎనిమిదేళ్లు ఆ పేరు నా దగ్గర ఎందుకుంది?

డబ్బు కోసమని చెప్పుకోవచ్చు. డొమైన్ రెన్యువల్ అప్పట్లో వెయ్యి రూపాయల లోపే. నేను టోకున తీసుకున్న సర్వరులో ఆయన వంతు కలుపుకున్నా నాకు పడేది రెండున్నర వేలు దాటదు. మిగిలినది నా శ్రమకీ లాభానికీ. లాభం తీసుకోవడం తప్పని నేను అనుకోను, మొక్క మీద ఆయనా తీసుకుంటారు. కానీ రెన్యువల్ నెలలో నేను పంపే బిల్లు మీద "సర్వర్ ఖర్చులు" అని రాసేవాణ్ణి. నా శ్రమకి ఇంత అని రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే బేరమాడతారని కాదు. నా శ్రమ అంత విలువ చెయ్యదంటారేమోనని.

డబ్బు కంటే లోతుగా ఉన్నది ఇదేననుకుంటాను. వాళ్లు నన్ను వదలకుండా ఉండాలన్నది నా పైకోరిక. ఏడో షరతు రాసిన చేతికి కావలసింది వేరు, వాళ్లు నన్ను వదలలేకుండా ఉండాలి. మధ్యలో ఒక్క "లే" చేరింది. నా పని బాగుండి ఉండిపోవడం, తలుపు గడియ నా చేతిలో ఉండి ఉండిపోవడం, బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఏటా పన్నెండు వేలు రెండు దారుల్లోనూ వస్తాయి. పని బాగుండి ఉన్నారా, గడియ వల్ల ఉన్నారా అన్నది తెలుసుకునే అవసరం రాకుండా చేసుకున్నాను. తెలుసుకోవడానికి భయం.

ఈ గడియ ఎంత గట్టిదో బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. డాట్ కామ్ లాంటి పేర్లకు ఎవరి పేరున నమోదైతే వాళ్లదే హక్కు. పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ నియమాల ప్రకారం, నమోదుదారు అడిగితే బదిలీకి కావలసిన రహస్య కోడ్‌ను రిజిస్ట్రార్, అంటే పేర్లు నమోదు చేసే కంపెనీ, అయిదు రోజుల్లో ఇచ్చి తీరాలి. మంచి రక్షణే. కానీ కాగితం మీద నమోదుదారుని నేను. ఆ రక్షణంతా నాకే. డబ్బు కట్టిన మనిషికి ఆ నియమాల్లో చోటే లేదు. ఇంకో సంగతి ఉంది. గడువు దాటి పేరు తొలగింపులోకి వెళ్తే, విడిపించుకోవడానికి 30 రోజులు, ఆ తర్వాత ఓ 5 రోజులు, ఆపైన ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ నోటీసులన్నీ నా ఈమెయిల్‌కే వస్తాయి. నేను ఏ రోడ్డు మీదో పోతే, ఆ పేరు ఎక్కడుందో, ఎవరినడగాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆ పేరే ఆయన నేషనల్ హైవే పక్కన గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాయించుకున్నారు. మొక్కల కవర్ల మీద అచ్చు వేయించారు. నేను ఆ గోడ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో. ఒక్కసారైనా గుండె కలుక్కుమనాలి. అనలేదు. "మనం చేసిన సైటే" అని పక్కనున్నవాళ్లకు చూపించాను.

మెసేజ్ వచ్చిన వారానికి ఆ పాత కాగితాలతో పాటు పాత బిల్లులు కూడా చూశాను. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు తాళం గుర్తు లేని సైట్ల పక్కన "సురక్షితం కాదు" అని చూపించడం మొదలుపెట్టింది. నా ఖాతాదారులందరూ కంగారుగా ఫోన్లు చేశారు. ఆ తాళాన్నిచ్చే సర్టిఫికెట్ అప్పటికే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఇస్తోంది. అప్పట్లో దాని గడువు తొంభై రోజులు, తీరేలోపే దానంతటదే కొత్తదయ్యేది. నా సర్వరులో ఒక మీట నొక్కితే సరిపోయింది. నర్సరీ బిల్లులో ఏటా రెండున్నర వేలు "సెక్యూరిటీ సర్టిఫికెట్" కింద కలిపాను. మూడేళ్లు. మీట నొక్కడానికి తెలివి కావాలి, ఆ తెలివికి డబ్బు తీసుకోవచ్చు అని నన్ను నేను ఒప్పించుకున్నాను. అలాగే రాసి ఉంటే సరేననేవాణ్ణేమో. "అమర్చినందుకు ఒకసారి ఇంత" అని రాయలేదు. ఎక్కడో కొని తెచ్చినట్టు రాశాను. ఆయన భయపడిన సమయంలో రాశాను.

2019 వర్షాకాలం సంగతి ఇంకా బరువైనది. మొక్కలు బాగా కదిలే రోజులు. నేను అద్దెకు తీసుకున్న సర్వరులో డిస్కు పోయి, రెండు రోజులు సైటు కనబడలేదు. మా అగ్రిమెంటులో నేను 99.9 శాతం సైటు నడుస్తుందని హామీ ఇచ్చాను. లెక్క కడితే ఏడాది మొత్తంలో ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు. రోజూ బ్యాకప్ తీస్తానని కూడా ఉంది. ఆ రాత్రి సర్వరు కంపెనీతో నేను చేసుకున్న ఒప్పందం మొదటిసారి పూర్తిగా చదివాను. బ్యాకప్ బాధ్యత కొనుక్కున్నవాడిదే. ఆగిపోయినందుకు పరిహారం, ఆ నెల అద్దెలో ఆ రెండు రోజుల వంతు మాత్రమే. నేను కూడా అంకె దగ్గర బేరమాడి, గెలిచాననుకుని, చదవకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కినవాణ్ణే. నాకెవరూ ఇవ్వని హామీని నేను ఆయనకు అమ్మాను. నా లాప్‌టాప్‌లో ఉన్న నకలు నాలుగు నెలల పాతది.

పొద్దున్నే ఫోన్ చేసి, "కంపెనీ వాళ్ల తప్పు బాబాయ్ గారూ, మనం ఏం చెయ్యలేం" అన్నాను. "పోనీలే బాబూ, మిషను కదా" అన్నారాయన. ఆ పోనీలేతో నా మనసు కుదుటపడింది. నాలుగు నెలలుగా చేర్చిన కొత్త మొక్కల వివరాలు వాళ్లే మళ్లీ కూర్చుని పంపారు.

అంతకుముందే ఒకసారి ఆయన బేరం చూసే అవకాశం నాకు వచ్చింది. ఫోటోల కోసం వెళ్లిన రోజు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకతను లారీకి మొక్కలు ఎక్కించుకుంటున్నాడు. అంటు మామిడి, వందల లెక్కన. కూలీ మనిషి ఒక వరస లెక్కపెట్టి "వంద" అని అరిచినప్పుడల్లా ఈయన ఇంకో అయిదు కవర్లు తీసి పక్కన పెట్టించారు. అవి ఎందుకని అడిగాను. "దారిలో ఎండకీ కుదుపులకీ నాలుగైదు పోతాయి బాబూ. పోతాయని నాకు తెల్సు, ఆయనకి తెలీదు. తెల్సినోడే పెట్టాలి కదండీ" అన్నారు. కాగితం లేదు, షరతు లేదు. కడుతున్న తాడు చివర పంటితో పట్టుకుని మాట్లాడుతున్నారు. నేను ఆ మాట విని మెచ్చుకున్నాను, ఇంటికొచ్చి మా వాళ్లకు చెప్పాను కూడా. అది నాకు సంబంధించిన మాటని తోచలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ మన ఒప్పందాలకు పునాది. నేను దాన్ని చదివింది జ్ఞానం కోసం కాదు, నన్ను నేను కాపాడుకోవడానికి. ఆ మార్చిలోనే చదివాను. 17వ సెక్షన్లో నాకు ఊరటనిచ్చే మాట దొరికింది, ఉత్తి మౌనం మోసం కిందికి రాదని. కానీ ఆ సెక్షన్ కిందే ఉదాహరణలున్నాయి. జబ్బున్న గుర్రాన్ని ఒకడు వేలంలో అమ్ముతాడు, జబ్బు సంగతి చెప్పడు, అది మోసం కాదు. కొనేది అప్పుడే యుక్తవయసుకొచ్చిన తన కూతురైతే, చెప్పవలసిన బాధ్యత ఉంది. ఇంకోటి ఉంది. కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు పలకడు. అక్కడ మౌనం మాటతో సమానం. నేను ఆ ఉదాహరణ దగ్గర ఆగిపోయాను. 2013లో సంతకం పెడుతూ ఆయన అన్నమాట, "ఇవన్నీ నాకు తెలీవు బాబూ, మాకేం ఇబ్బంది లేకుండా నువ్వు చూసుకుంటావుగా." నేను తల ఊపాను. అది చట్టం ముందు ఏమవుతుందో వకీళ్లు చెప్పాలి. నా వరకు నేను ఆ గుర్రం పక్కన పలకకుండా నిలబడ్డవాణ్ణే.

అదే చట్టంలో 13వ సెక్షన్ సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. మా ఇద్దరిలో ఒకరికి ఆ భాష రాదు. మనవైపు పొలం అమ్మినా, ఇల్లు రాయించినా దస్తావేజు లేఖరి తెలుగులో రాసి, సంతకానికి ముందు పైకి చదివి వినిపించడం ఆనవాయితీ. ఆయన నర్సరీ పక్క అరెకరం కొన్నప్పుడు అలా విని పెట్టిన సంతకమే. నేను మాత్రం, వెబ్‌సైటు అగ్రిమెంట్లు ఇంగ్లీషులోనే ఉండాలి, తెలుగులో పదాలు లేవు అనేవాణ్ణి. పదాలున్నాయి.

అవి ఉన్నాయని తెలిసిన రోజు కూడా చెప్పాలి. ఇది రాయడానికి నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. మెసేజ్ వచ్చిన పది రోజులకు ఆయనే ఫోన్ చేశారు. "అమ్మాయి ఏదో అడిగిందంట. ఓసారొచ్చి ఆ కాయితం చదివి చెప్పు బాబూ, దానికీ నాకూ అర్థమవుద్ది." వెళ్లాను. అదే షేడ్ నెట్, అదే ప్లాస్టిక్ కుర్చీ. అమ్మాయి ఊళ్లో లేదు, ఆయనొక్కరే. ఒక్కో షరతూ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. ఆరు దాకా సాఫీగా సాగింది. పని ఇది, డబ్బు ఇంత, ఆలస్యమైతే ఇలా. ఏడో దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వాక్యం కళ్ల ముందు ఉంది. దాన్ని తెలుగు చేస్తే నాలుకమీదికి వచ్చిన మాట ఇది: "ఈ పేరుకు ఏటా డబ్బు మీరు కడతారు. పేరు మాత్రం నాది." ఎదురుగా కూర్చుని, ఆయనిచ్చిన టీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఆ మాట చెప్పాలి. ఇంగ్లీషులో ఎనిమిదేళ్లు నిబ్బరంగా ఉన్న వాక్యం తెలుగులో నా నోట్లోంచి రాలేదు.

"ఇదేం లేదు బాబాయ్ గారూ, రెన్యువల్ సంగతి" అని ఎనిమిదో దాంట్లోకి వెళ్లిపోయాను.

అంతకుముందు చేసినవాటిలో ఎక్కువ మౌనంతో చేసినవి. ఇది ఎదురుగా కూర్చుని నోటితో ఆడిన అబద్ధం. ఇంకా నాకు ఏం జవాబు ఇచ్చుకోవాలో తెలియని విషయం ఒకటుంది. 2015లో ఒక కాలేజీ వాళ్లకు సైటు చేశాను. వాళ్ల తరఫున ఒక ప్లీడరు గారూ, ఒక అకౌంటెంటూ కూర్చున్నారు. ఏడో షరతు దగ్గర ప్లీడరు గారు కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఇదెందుకండీ?" అన్నారు. ఒక్క మాట వాదించకుండా పెన్ను తీసి కొట్టేశాను, పేరు వాళ్ల మీదే నమోదు చేశాను. నా వ్యాపారానికి ఏ నష్టమూ జరగలేదు. ఇప్పటికీ వాళ్లు నా దగ్గరే ఉన్నారు. అంటే ఆ షరతు అవసరం లేదని నాకు 2015 లోనే తెలుసు. అడిగే బలం ఉన్నవాళ్ల ముందు నేను నిజాయితీగల మనిషిని. నన్ను నమ్మి చదవకుండా సంతకం పెట్టిన మనిషికే గడియ వేశాను. నమ్మకం ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ నా షరతు నిలిచింది. దీనికి మంచి కారణం ఏదైనా ఉందేమోనని చాలాసార్లు వెతికాను.

ఒక వకీలు మిత్రుడు కాపీరైటు సంగతి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం కూడా ఈ కోవలోదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లకే మొదటి హక్కు. నాలాంటి బయటి మనిషి రాసిన ప్రోగ్రాం మీద మాత్రం, రాతపూర్వకంగా బదలాయించకపోతే, హక్కు రాసినవాడిదే. బదలాయింపు కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అనుకోవాలి. అంటే ఆయన మొక్కల బొమ్మలు ఆయనవి, వాటిని చూపించే అమరిక నాది. డబ్బిచ్చాను కాబట్టి నాదే అని ప్రతి ఖాతాదారూ అనుకుంటాడు, నేనూ అలా అనుకోనిస్తాను. చట్టం నాకు తెలియకుండానే నా వైపు ఉందని విన్నప్పుడు లోపల ఏదో కేరింత కొట్టింది. అది ఏమిటో ఆ రోజు నిలబడి చూసుకోలేదు.

పేరు చివరికి బదిలీ చేశాను. మెసేజ్ వచ్చిన ఇరవై మూడో రోజున. రిజిస్ట్రారుకు అయిదు రోజులు చాలని నియమం, నాకు ఇరవై మూడు పట్టాయి. మనస్సాక్షి మేల్కొందని రాసుకోవాలని ఉంది. కానీ ఆ రోజుల్లో నాలో తిరిగిన ఆలోచనలు నాకు తెలుసు. ఈ పిల్ల ఇంకెవరినైనా అడిగితే పరువు పోతుందన్న భయం ఒకటి. ఎలాగూ ఇవ్వక తప్పదు, మళ్లీ అడగకముందే ఇచ్చినట్టు కనిపిస్తే బాగుంటుందన్న లెక్క ఒకటి. వీటి మధ్య ఆ అమ్మాయి రెండో మెసేజ్ వచ్చింది. "నాన్నగారు మీరే అన్నీ చూసుకుంటారని చెప్పారు అంకుల్. తొందరేం లేదు, మీకు వీలైనప్పుడే." అది చదివాక ఆ రాత్రి కూర్చుని నా వైపు పని పూర్తి చేశాను. సిగ్గు వల్ల చేశానా, ఇంకా మంచివాడిగానే ఉన్నానన్న ధైర్యంతో చేశానా, నేను చెప్పలేను. రెండోదే కావచ్చు. ఇంకా అనుమానించలేదు కాబట్టి ఇవ్వగలిగానేమో. అనుమానించి గట్టిగా అడిగి ఉంటే, నా పౌరుషం ఇంకో నెల పట్టుకుని కూర్చునేది.

ఆ అమ్మాయి నాన్న పేరు మీద ఖాతా తెరిచింది, నేను కోడ్ పంపాను, వారంలోపే పేరు అటు వెళ్లింది. మర్నాడు ఆయన ఫోన్ చేశారు. "నువ్వు చాలా శ్రమపడ్డావంట కదా బాబూ. థాంక్స్." నేను, "ఎంతమాట బాబాయ్ గారూ" అన్నాను. ఆ థాంక్స్ తీసుకున్నాను. హోస్టింగ్ నా దగ్గరే ఉంచుతామని కూడా చెప్పారు. ఆ మాట విని ఎంత ఆనందపడ్డానో. ఎనిమిదేళ్లలో మొదటిసారి వాళ్లు వెళ్లగలిగి ఉండి, వెళ్లకుండా ఉన్నారు. ఆ ఏడాది బిల్లులో సర్టిఫికెట్ పద్దు తీసేశాను. గడచిన మూడేళ్ల ఏడున్నర వేలు, మాట్లాడకుండా తర్వాతి బిల్లులో తగ్గించాను. "డిస్కౌంట్" అని రాశాను. ఆ మాట కూడా నిజం కాదు.

ఇప్పుడు అగ్రిమెంట్లు ముందు తెలుగులో రాసుకుంటున్నాను. ఎదుటివాళ్లకు పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే ఇంగ్లీషు చేస్తున్నాను. ఏడో షరతు మారింది, పేరు వాళ్లది, కోడ్ అడిగిన అయిదు రోజుల్లో ఇస్తాను. సర్వరు కంపెనీ నాకిచ్చిన హామీయే నేనిస్తున్నాను, అంతకు మించి ఒక్క నిమిషం రాయడం లేదు. అయినా మొన్న ఒక కాగితం చదివి వినిపిస్తుంటే ఒక చోట గొంతు కొద్దిగా జారింది. "తగినన్ని మార్పులు ఉచితం" అని ఉంది. తగినన్ని అంటే ఎన్ని? రాయొచ్చు, మూడని రాయొచ్చు. రాయలేదు. ఎందుకు రాయలేదో వెతుక్కుంటే, కింద మళ్లీ అదే చెయ్యి కనిపించింది. ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.

కిందటి నెల కడియం వైపు పని పడి నర్సరీకి వెళ్లాను. ఈసారి ఎలాగైనా చెప్పాలనుకున్నాను. పేరు సంగతి, తాళం సంగతి, ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని దాటేసిన వాక్యం సంగతి. అమ్మాయి కొత్తగా పెట్టిన పాలీహౌస్ చూపించారు. మోకాలి నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇంటికి అయిదు మందారం మొక్కలు కావాలన్నాను. ఆయనే వంగి, వేళ్లు చూసి, ఆకుల వెనక పట్టి చూసి ఏరారు. కారులో పెట్టాక చూస్తే ఆరున్నాయి.

"ఒకటి ఎక్కువొచ్చింది బాబాయ్ గారూ."

"ఉండనీ బాబూ. తీస్కెళ్లు."

డబ్బు అయిదింటికే తీసుకున్నారు. బండి హైవే ఎక్కాక గుంత వచ్చినప్పుడల్లా వెనక కవర్లు ఒకదానికొకటి రాసుకుని చప్పుడయ్యాయి. వేమగిరి దాటేదాకా వెనక్కి తిప్పుదామనే అనుకుంటూ ఉన్నాను. తిప్పలేదు.